ఆ పెట్టె వెచ్చగానే ఉంది

మా సైన్సు సారు పోయారన్న సంగతి నాకు మాన్వి బస్టాండులో తెలిసింది. రాయచూరు బస్సు కోసం నిలబడి ఉంటే మా ఊరి పటేలు కొడుకు దగ్గరికి వచ్చి, “సారు పోయిండంట గదా అరకేరల. పాపం, శానా మెత్తటి మనిషి” అన్నాడు. అప్పటికే నాలుగు రోజులైందట. మధ్యాహ్నం జొన్నరొట్టె తిని, చేతులు కడుక్కుని, అరుగు మీద కూర్చున్న మనిషి అలాగే గోడకు ఒరిగిపోయారట. అరకేర వాళ్లే కట్టెలు పేర్చి దహనం చేశారు. నాకు ఎవరూ కబురు పెట్టలేదు. కబురు పెట్టవలసిన మనిషి ఒకతె ఉందని అక్కడ ఎవరికీ తెలియదు. బస్సు వచ్చింది, వెళ్లిపోయింది. నేను ఎక్కడం మరిచిపోయాను.

మెత్తటి మనిషి అట. మా సారును నిజంగా ఎరిగినవాళ్లెవరూ ఆ మాట అనరు. ఆయన మాట, కోసిన చేలో నడిచేవాడి అరికాల్లో జొన్న కొయ్యకాలు దిగినట్టు దిగేది. తెలివితక్కువతనం చూస్తే ఆయనకు అసహ్యం. తెలివి ఉండీ దాన్ని దాచుకునేవాళ్లను చూస్తే మరీ అసహ్యం. పటేలు కొడుకు ఆయన దగ్గర మూడేళ్లు చదివాడు. ఆ మూడేళ్లలో వాడు బల్ల మీద కూర్చున్న రోజులకంటే నిలబడ్డ రోజులే ఎక్కువ. వాడికి ఇప్పుడు సారు మెత్తగా గుర్తొస్తున్నారు. చచ్చిపోయినవాళ్లను మెత్తగా చేసుకోవడం మా ఊరివాళ్లకు బాగా వచ్చు. బతికి ఉన్నప్పుడు మింగుడుపడనివాళ్లను అలా నానబెట్టుకుని మింగుతారు.

పదిహేను రోజులకు మా ఊరి బడిలో సంతాపసభ పెట్టారు. పటేలు కొడుకే అధ్యక్షుడు. ముసలి పటేలు శాలువా కప్పుకుని ముందు వరసలో కూర్చున్నాడు. సారు ఫోటో ఎవరి దగ్గరా లేదు. పాత గ్రూపు ఫోటోలోంచి ఒక తలను పెద్దది చేయించి బల్ల మీద పెట్టారు. అది సారు తల కాదు, ఆయన పక్కన నిలబడ్డ డ్రిల్లు మాస్టరు తల. ఎవరూ పోల్చుకోలేదు. పోల్చుకున్న నేను చెప్పలేదు. ఆ తలకే దండ వేశారు, ఆ తల ముందే అగరొత్తులు వెలిగించారు.

ఒకాయన లేచి, వెనకబడ్డ పల్లె పిల్లల మీది ప్రేమతో సారు తానే అడిగి అరకేరకు బదిలీ చేయించుకున్నారని చెప్పాడు. ఇంకొకాయన, “శక్తి పుట్టదు, చావదు అని సారు చెప్తుండె. గట్లనే మన సారు గూడ చావలేదు” అన్నాడు. చప్పట్లు కొట్టారు. సారే అక్కడ ఉండి ఉంటే ఆ పిల్లవాడిని, వాడికి నలభై ఏళ్లున్నా సరే, బల్ల మీద నిలబెట్టి ఉండేవారు. తరవాత నన్ను పిలిచారు, రాయచూరులో ఆడపిల్లల బడిలో సైన్సు చెబుతాను కాబట్టి. నేను లేచి రెండు మంచి మాటలు చెప్పి కూర్చున్నాను. ఆ రెండూ అబద్ధాలే. అందుకే ఇది రాస్తున్నాను. అక్కడ నోరు పెగలని సంగతి ఇక్కడ మీకు చెబుతాను.

సారు మా ఊరి బడికి వచ్చేనాటికి, మా ఊరి పక్కనుంచి తవ్విన సాగునీటి కాలువ ఇంకా కొత్త. ఆయన ఇంటి భాష మాలాగే తెలుగు. చదివింది నైజాం కాలంలో, హైదరాబాదులో, ఉర్దూలో. తీరా ఉద్యోగం కుదురుకునేసరికి మా జిల్లా మైసూరు రాష్ట్రంలో కలిసి బడి కన్నడంలోకి మారిపోయింది. నలభై ఏళ్లకు దగ్గరపడుతూ ఆయన కన్నడ అక్షరాలు దిద్దుకున్నారు. పాఠం కన్నడంలో మొదలయ్యేది, కోపం వస్తే ఉర్దూలోకి, బాగా కోపం వస్తే తెలుగులోకి దిగేది. “హరారత్ అన్నా, శాఖ అన్నా, వేడి అన్నా కాలేది ఒకటే చెయ్యి. మీ తలకాయలకు మాత్రం ఏ భాషల చెప్పినా ఎక్కదు” అనేవారు.

బడిలో సామానేమీ లేదు. ఒక విరిగిన త్రాసు, ఒక పగిలిన థర్మామీటరు. సారు తన సైకిలు పంపు తెచ్చేవారు. దాని నోరు వేలితో మూసి మా చేత గట్టిగా కొట్టించేవారు. పదిసార్లు కొట్టాక గొట్టం అడుగు పట్టుకొమ్మనేవారు. చురుక్కుమనేది. మంట ఎక్కడుంది, మరి వేడి ఎక్కడిదని అడిగేవారు. మేం నోళ్లు తెరుచుకుని చూసేవాళ్లం. ఆ చూపు చూస్తే ఆయన ముఖం చేదు తిన్నట్టు అయ్యేది. నువ్వు పొద్దున తిన్న రొట్టె నీ భుజంలోకి వచ్చింది, భుజం చేసిన పని గొట్టంలోకి పోయింది, అదే నీ చేతికి కాలింది, ఇంత మాత్రానికి దేవుణ్నో దయ్యాన్నో పిలవనక్కరలేదు అని విడమరిచి చెప్పేవారు. చాయ ఊదుకుంటూ తాగేవాణ్ని చూసినా ఊరుకునేవారు కాదు. ఊదితే వేడి చచ్చిపోలేదు, గాలికి ఇచ్చావు, ఇక అది నీ అబ్బ అడిగినా తిరిగి రాదు అనేవారు.

పని అంటే ఏమిటో ఆయన చెప్పిన రోజు నాకు బాగా గుర్తుంది. బరువును నెట్టాలి, అది జరగాలి. జరిగినంత మేరే పని. “రోజంతా గోడను నూకినా పని గాదు. గట్టు మీద నిలబడి కూలోళ్ల మీద ఒర్లినా పని గాదు. చెమట వస్తది, గంతే.” గట్టు మీద నిలబడి అరిచేది ఎవరో తరగతిలో అందరికీ తెలుసు. వాడి కొడుకు మా మధ్యలోనే నిలబడి ఉన్నాడు. ఆ మాట సాయంత్రానికి పటేలు చెవిన పడింది. ఆయన బడికి వచ్చి, కోపం కనబడనీయకుండా, శక్తి పుట్టదు చావదు అని మీరు చెబుతున్నారట, అది మా భగవద్గీతలో ఆత్మ గురించి ఎప్పుడో చెప్పిందే కదా అన్నాడు. సారు సుద్దముక్క కింద పెట్టి, “ఆత్మ సంగతి నాకు తెల్వదు పటేలా. నేను ఎద్దు సంగతి చెప్తున్న” అన్నారు.

ఆయన తిరస్కారంలో కులం లేదు. ఈ మాట నేను తేలిగ్గా రాయడం లేదు. మాది కూలి చేసుకునే ఇల్లు. ఊళ్లో మాతో తియ్యగా మాట్లాడేవాళ్లు చాలామంది ఉండేవారు. ఆ తియ్యటివాళ్లంతా నీళ్లు అడిగితే దోసిట్లో ఎత్తి పోసేవాళ్లు. సారు మాత్రం తన గ్లాసు నింపి నా చేతికిచ్చి, దాన్ని రెండు చేతులతో భయంభయంగా పట్టుకున్నందుకు తిట్టారు, గ్లాసు పట్టుకోవడం కూడా రాదా అని. పటేలు కొడుకునూ నన్నూ ఒకే మాటతో తిట్టిన మనిషి ఆ ఊళ్లో ఆయన ఒక్కరే. మనిషినని నాకు మొదటిసారి తోచింది ఆ తిట్టు తిన్నప్పుడే.

ఇక పెట్టె సంగతి. అప్పుడు నేను ఎనిమిదో తరగతి.

కాలువ మా ఊరిని ఆనుకునే పోతుంది గానీ మా పొలాలన్నీ మెరక మీద ఉన్నాయి. నీళ్లు మనిషిన్నర లోతున కింద పారుతుంటాయి. మా కళ్ల ముందునుంచే అవి సిరవార వైపు పోయి అక్కడి మళ్లలో వరి అయ్యేవి. కృష్ణా, గుంటూరు వైపునుంచి వచ్చి భూములు కొన్నవాళ్ల క్యాంపు ఊళ్లు దూరానికి పచ్చగా కనిపించేవి. మాకు జొన్న, అదీ వాన పడితే. నూనె ఇంజను పెట్టి నీళ్లు ఎత్తుకునే స్తోమత పటేలు ఒక్కడికే ఉంది, వాడూ నూనె తాగుతుందని ఏడ్చేవాడు. అసలు నీళ్లు లేని ఊళ్లో మనుషులు ఓర్చుకుంటారు. ఎదురుగా పోతున్న నీళ్లు అందని ఊళ్లో మనుషులకు మతి నిలకడగా ఉండదు.

అలాంటి ఊళ్లోకి ఒక మనిషి జీపులో దిగాడు. తెల్ల ప్యాంటు, తెల్ల చొక్కా, నల్ల కళ్లద్దాలు. ఇంజనీరునన్నాడు. ఎక్కడి ఇంజనీరో ఎవరూ అడగలేదు. పటేలు ముంగిట్లో ఒక టేకు పెట్టె పెట్టి, దాని మీద ఇత్తడి చక్రం, చిన్న రేకు తొట్టి, సన్నటి గొట్టాలు బిగించాడు. తొట్టిలోని నీళ్లు చక్రం మీద పడేవి. చక్రం తిరిగేది. అది తిరిగితే కింద పడ్డ నీళ్లు గొట్టంలోంచి మళ్లీ పైకి ఎక్కి తొట్టిలో పడేవి. పొద్దున మొదలైతే సాయంత్రం దాకా ఆగేది కాదు. నూనె అక్కరలేదు, కరెంటు అక్కరలేదు, నీళ్లే నీళ్లను ఎత్తుతాయి, దీన్నే పెద్దది చేసి మీ కాలువలో దించుతానన్నాడు. మెరక రైతులు తలా కొంత వేసుకోవాలి, ముందు వేసుకున్నవాడి చేనుకు ముందు నీళ్లు అన్నాడు.

పెట్టె చుట్టూ ఎర్ర గుడ్డ కట్టారు. ఆడవాళ్లు పసుపు కుంకుమ పెట్టి టెంకాయ కొట్టారు. చుట్టుపక్కల ఊళ్లనుంచి బళ్లు కట్టుకుని వచ్చి చూసి దండం పెట్టుకుని పోయారు.

మా నాయనకు రెండెకరాల మెరక చేను, ఒక జత ఎద్దులు ఉండేవి. మిగతా రోజులన్నీ పటేలు ఇంట్లో జీతం. నాయన ఎద్దుల్ని సిరవార సంతకు తోలి అమ్మి, వచ్చింది తెచ్చి, అందరి వాటాలూ పోగుచేస్తున్న పటేలు చేతిలో పెట్టాడు. అమ్మ ఆ రోజు రొట్టె ముట్టలేదు. నాయన మాత్రం నన్ను చేనుకు తీసుకుపోయి, మడులు ఎక్కడెక్కడ కట్టాలో, మొదటి నీళ్లు ఏ మూల నుంచి దిగుతాయో కట్టెతో గీతలు గీసి చూపించాడు. అంత ఉత్సాహంగా మాట్లాడటం నేను అంతకుముందు చూడలేదు, ఆ తరవాతా చూడలేదు.

మర్నాడు తరగతిలో సారు వేరే పాఠమేదీ చెప్పలేదు. పది మెట్లు ఎక్కిన నీళ్లు పది మెట్లు దిగితే ఇచ్చేది పది మెట్ల పనే, అందులోంచి ఇరుసు రాపిడికి పోయింది తీసెయ్యాలి, మిగిలినదానితో ఆ నీళ్లు మళ్లీ పది మెట్లు ఎక్కవు, తొమ్మిది కూడా ఎక్కవు అని మా చేత లెక్క కట్టించారు. కట్టిన లెక్కను ఇంట్లో చెప్పమన్నారు. చెప్పినవాళ్లు దెబ్బలు తిన్నారు. నేను చెప్పలేదు.

ఆ వారం చివర, ఊరంతా పటేలు ముంగిట్లో చేరిన పూట, సారు సైకిలు మీద వచ్చారు. పొద్దున పదిగంటల ఎండ. చక్రం తిరుగుతోంది. ఆయన చెప్పులు విప్పి లోపలికి వచ్చి, కాసేపు చూసి, నేరుగా ఇంజనీరునే అడిగారు, ఇరుసు రాపిడికి పెట్టేది ఎవరు అని. పల్లెటూరి పంతుళ్లకు అందే విషయం కాదని ఆ మనిషి నవ్వాడు. జనం నవ్వారు. పిల్లలకు చెప్పేది పిల్లలకు చెప్పుకొమ్మని, ఇక్కడ పెద్దవాళ్లు ఉన్నారని పటేలు అన్నాడు.

“పెద్దోళ్లకే చెప్తున్న,” అన్నారు సారు. “తిరిగేది ఏదైనా తినాలె. ఈ పెట్టెల ఏదో తింటున్నది. తినేది వెచ్చగుంటది. పొద్దుగాల్నుంచి తిరుగుతున్నది గదా, ఆ గుడ్డ లేపి పెట్టె మీద చెయ్యి వెట్టి చూడండ్రి. సల్లగుంటే నేను ఈ ఊరు ఇడిచి పోత.”

ఇంజనీరు నవ్వు ఆగింది. బయటివాళ్ల చెయ్యి తగిలితే చక్రం తూకం తప్పుతుందన్నాడు. జనంలో గుసగుస బయలుదేరింది. పటేలు అంత తెలివైనవాడు కాదు అని మీరు అనుకోవచ్చు, నేనూ అలాగే అనుకునేదాన్ని. కానీ ఆ క్షణంలో వాడు తెలివిగానే ఉన్నాడు. సారు చెయ్యి వద్దు, ఎవరన్నా చిన్నపిల్ల చెయ్యి పెడితే సరిపోతుంది అంటూ చుట్టూ చూసి నన్ను పిలిచాడు. సారు బడిలో మొదటి పిల్లను నేను. పటేలు ఇంట్లో జీతగాడి బిడ్డనూ నేనే. సారు మొదటిది చూసి సరేనన్నారు. పటేలు రెండోది చూసి పిలిచాడు.

గుడ్డ కింద చెయ్యి పెట్టాను. పెట్టె వెచ్చగా ఉంది. పాలు పిండబోయే ముందు ఆవు పొదుగు ఎంత వెచ్చగా ఉంటుందో అంత వెచ్చగా ఉంది. లోపల ఏదో సన్నగా వణుకుతోంది.

తలెత్తాను. పటేలు నా వైపు చూడటం లేదు, మా నాయన వైపు చూస్తున్నాడు. నాయన తలగుడ్డ విప్పి రెండు చేతుల్లో పట్టుకుని నిలబడ్డాడు. ఆ ముఖంలో ఇంకా మడులు, గట్లు ఉన్నాయి. సారు మాత్రం తరగతిలో జవాబు తెలిసిన పిల్లను లేపినప్పుడు చూసినట్టు నిశ్చింతగా చూస్తున్నారు. నేను ఏం చెబుతానో అన్న అనుమానం ఆయనకు లేశమైనా లేదు.

“సల్లగున్నది,” అన్నాను.

సారు నన్ను చూస్తూనే ఉన్నారు. “నీ చెయ్యి చెప్పిందా, నీ నోరు చెప్పిందా?” అని అడిగారు. నేను చెయ్యి లంగాకు తుడుచుకున్నాను. ఆయన చెప్పులు తొడుక్కుని సైకిలు తీసుకుని వెళ్లిపోయారు. ఆయన వెనక ముంగిలంతా ఘొల్లున నవ్వింది. ఇది కూడా రాయాలి: నేనూ నవ్వాను.

మూడో రోజు ఇంజనీరు పెద్ద చక్రం తేవడానికని జీపెక్కి రాయచూరు పోయాడు. అంతే. నెల రోజులు చూసి పటేలు పెట్టె పగలగొట్టించాడు. లోపల మోటారు బండికి వాడే బ్యాటరీ ఒకటి, గుప్పెడంత మోటారు ఒకటి ఉన్నాయి. పగలగొట్టినవాడు మా నాయనే కాబట్టి మాకు తెలిసింది. పటేలు వాటిని కాలువలో వేయించి, ఎవరితోనూ అనవద్దని నాయనకు చెప్పాడు. ఊరికి చెప్పింది వేరు: పంతులు అపశకునం మాట అన్నాడు, పెద్దమనిషి నొచ్చుకుని వెళ్లిపోయాడు, లేకపోతే ఈపాటికి నీళ్లు వచ్చేవి. ఊరు నమ్మింది. మోసపోయామని ఒప్పుకోవడం కంటే ఇంకోసారి మోసపోవడం సులువు. ఆ మాట మీద ఒక అర్జీ రాశారు, పంతులు పెద్దలను అవమానిస్తున్నాడు, పిల్లలకు దేవుడు లేడని నేర్పుతున్నాడు అని. కింద ఊరంతా వేలిముద్రలు వేసింది. ఎద్దులు పోగొట్టుకున్న మా నాయన కూడా వేశాడు. ఆ వేసవిలోనే సారును అరకేరకు మార్చారు. ట్రంకు పెట్టె సైకిలుకు కట్టుకుని ఆయన పోతుంటే ఒక్కడూ గుమ్మం దిగలేదు.

ఆ పూట నేను నిజం చెప్పి ఉంటే ఏమయ్యేదో చాలా ఏళ్లు లెక్కవేసుకున్నాను. ఆ ఇంజనీరు అప్పటికింకా ఊళ్లోనే ఉన్నాడు. తీసుకున్న డబ్బు వాడి దగ్గరే ఉంది. మా ఎద్దుల్ని కొన్నవాడు సిరవారవాడే. సాయంత్రానికి అవి మా కొట్టంలో ఉండేవి. నాయన ముఖం చూసి అబద్ధం చెప్పానని నాకు నేను చెప్పుకునేదాన్ని. ఆ అబద్ధమే నాయనను ముంచింది. వానలు పడ్డాక ఎద్దులు లేక అమ్మా నేనూ గుంటక కాడి భుజాన వేసుకుని లాగాం, నాయన వెనక తొక్కిపట్టాడు. సారు చెప్పిన పని అంటే ఏమిటో ఆ చేను నాకు అంగుళం అంగుళం నేర్పింది.

పత్తి తీసే రోజుల్లో అమ్మ కూలికి అరకేర వైపు పోతూ నన్నూ తీసుకుపోయింది. సారు ఇల్లు వెతుక్కుని వెళ్లాం. ఆయన బయట రాతి మీద బట్టలు ఉతుక్కుంటున్నారు. మమ్మల్ని చూసి ఆశ్చర్యపోలేదు, కూర్చోమనలేదు. అమ్మ నెత్తి మీద మూటతో అలాగే నిలబడింది. నేను దారిపొడుగునా కూర్చుకున్న మాటలన్నీ పోయి ఒకటే మిగిలింది.

“సార్, ఆ పెట్టె వెచ్చగుండె.”

“తెలుసు,” అన్నారు. “సల్లటి దాన్ని ముట్టినోళ్లు చెయ్యి తుడుసుకోరు.”

నేను ఏడవడం మొదలుపెట్టాను. ఏడుపుతో ఏదీ జరగదని, జరగనిది పని కాదని ఎన్నిసార్లు చెప్పాలని విసుక్కున్నారు. ఇప్పుడు ఇంత దూరం వచ్చి చెబితే ఎవరికి మేలు అని అడిగారు. తరవాత ఉతుకుతున్న చొక్కా పిండుతూ, పరీక్షలో అడిగినట్టు, మీ అమ్మ ఇందాకటినుంచి మూట నెత్తిన పెట్టుకుని నిలబడి ఉంది కదా, ఎంత పని చేసింది అని అడిగారు. నేను కళ్లు తుడుచుకుని, మూట జరగలేదు కాబట్టి సున్న అన్నాను.

“మూటకు సున్న. మీ అమ్మకు?”

నేను మూట వైపు చూశాను. ఆయన నావైపు చూసిన చూపు నాకు ఇప్పటికీ ఒంటి మీద మెదులుతుంది. “లెక్క వస్తది గని, మూట దించుమని తల్లికి చెప్పబుద్ధి కాలె నీకు,” అన్నారు. తడిచేతులు పంచెకు తుడుచుకుని లేచి వచ్చి, అమ్మ వద్దు వద్దంటున్నా వినకుండా, తనే మూట దించి అరుగు మీద పెట్టారు. పుస్తకం మూటను లెక్కపెడుతుంది, మోసేవాళ్ల నరాల్లో ఊరికే కాలిపోయేదాన్ని ఆ పాఠంలో లెక్కపెట్టరు, అది తెలియాలంటే పై పుస్తకాలు చదవాలి అన్నారు. అప్పుడు అమ్మను అడిగారు, ఈ పిల్లను మాన్వి హైస్కూలుకు పంపుతావా అని.

పటేలుకు తెలిస్తే ఒప్పుకోడని అమ్మ భయపడింది.

“ఇంతవరకు పటేలుకు తెలిసిందేమన్న ఉన్నదా?” అన్నారు సారు.

మాన్విలో ఆయన అక్క ఉండేది. ఆమె ఇంట్లో నన్ను పెట్టారు. చేర్చుకునే రోజున అరకేరనుంచి వచ్చి, పుట్టిన తేదీ కాగితం లేదన్న గుమాస్తాతో పోట్లాడి, పిల్ల ఎదురుగా నిలబడి ఉంటే పుట్టిందనడానికి కాగితం దేనికని అడిగి, చేర్పించి పోయారు. నెలకొకసారి వచ్చేవారు. నా పుస్తకాలు తిరగేసి, తప్పుల కింద గోరుతో గీసి, ఇంకా బుర్ర తుప్పు వదల్లేదని చెప్పి వెళ్లిపోయేవారు. అక్క చేసిన చాయ తాగడానికి కూడా ఆగేవారు కాదు. మెట్రిక్ పాసయ్యానని ఉత్తరం రాస్తే కార్డు మీద ఒక ముక్క రాశారు: ఇప్పుడు మొదలుపెట్టు. పెట్టె గురించి ఆయన మళ్లీ ఎప్పుడూ ఎత్తలేదు. క్షమించానని మాత్రం ఒక్కసారి కూడా అనలేదు. అని ఉంటే నేను హాయిగా మరిచిపోయి ఉండేదాన్ని, నా ఊరివాళ్లలాగే.

ఆయనకు పెళ్లి లేదు, పిల్లలు లేరు. స్నేహితులు ఉన్నారని నేను వినలేదు. మనుషుల మీద ఆయనకు అంత చిన్నచూపు ఎందుకని అక్కను ఒకసారి అడిగాను. చిన్నచూపు కాదమ్మా, అందరికీ ఇంకా తెలివి ఉందనుకుంటాడు, లేదని తేలినప్పుడల్లా వాడికి కొత్తగానే ఉంటుంది అంది ఆమె. నాకు ఆ మాట సరిపోయింది. మా ఊరివాళ్లు ఆయనను వదులుకున్నంత తేలిగ్గా ఆయన వాళ్లను వదులుకోలేకపోయారు.

నేను ఆయనను ఆఖరిసారి చూసింది రెండేళ్ల కింద, రాయచూరు స్టేషనులో. కళ్లకు పొర వచ్చిందని హైదరాబాదు పోతున్నారు. టిక్కెట్టు కొని నేను ప్లాట్‌ఫారం మీదికి వచ్చేసరికి ఆయన రైలు పెట్టెల దగ్గర లేరు. వెతికితే చివర, ఇంజను పక్కన ఉన్నారు. చేతి సంచి కింద పెట్టి, తల పైకెత్తి, డ్రైవరుతో ఉర్దూలో మాట్లాడుతున్నారు. డ్రైవరు తెల్లగడ్డం ముసలాయన, మసిగుడ్డతో మెడ తుడుచుకుంటూ వంగి వింటున్నాడు. ఇంత బొగ్గు వేస్తావు కదా, అందులో బండిని లాగేది ఎంత అని సారు అడుగుతున్నారు.

డ్రైవరు పిడికిలి బిగించి చూపించాడు. తరవాత ఆ పిడికిలి విప్పి, అరచెయ్యి ఆకాశం వైపు తిప్పాడు.

“ఇత్తాచ్ కామ్ కా, సాబ్. బాకీ సబ్ ఆస్మాన్ కు జాతా.” పనికి వచ్చేది ఇంతేనట, మిగతాదంతా ఆకాశానికేనట.

సారు నవ్వారు. అంతకాలంలో ఆయన నవ్వడం నేను చూసింది అదొక్కసారే. పళ్లు కొన్ని ఊడిపోయాయి. భుజాలు కదిలేలా నవ్వారు. డ్రైవరు కూడా నవ్వి ఏదో పిడి తిప్పాడు. చక్రాల దగ్గరనుంచి ఆవిరి బుస్సుమని వచ్చి ఇద్దరినీ, సంచినీ, నేను నిలబడ్డ చోటునూ కమ్మేసింది. కాసేపు తెలుపు తప్ప ఏమీ లేదు. అది మెల్లగా విడిపోయేసరికి మా సారు అక్కడే ఉన్నారు, కళ్లద్దాలు తీసి చొక్కా అంచుతో తుడుచుకుంటూ, పొర కమ్మిన కళ్లతో ఇంజను పెద్ద చక్రం వైపు చూస్తూ, అది కదలడం కోసం.